బేతాళుణ్ణి ఏ వీధిలో చూశారు?

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు వీధిలోకెళ్లి చూసి వెయ్యాలా, బల్ల దగ్గర కూర్చుని ఊహించి వెయ్యాలా? ఆ పనే చేస్తున్న ఒక అక్కా తమ్ముళ్ల మధ్య సాగిన వాదన ఇది.

తమ్ముడు: ముందు ఒక్కటి చెప్పక్కా. 1952లో చందమామలో చేరిన శంకర్ గారు ఏళ్ల తరబడి బేతాళ కథలకు బొమ్మలు వేశారు. ఆయన బేతాళుణ్ణి ఏ వీధిలో చూశారు?

అక్క: బేతాళుణ్ణి ఎవరూ చూడరు. కానీ ఆ బొమ్మ ఒకసారి గుర్తు తెచ్చుకో. చేతిలో కత్తి, భుజాన శవం. విక్రమార్కుడు నిజంగానే బరువు మోస్తున్నాడని నమ్మాం కాబట్టే ఆ శవంలో బేతాళుడున్నాడన్నా నమ్మాం. మూట మోసే మనిషిని ఏనాడూ తేరిపార చూడనివాడి చేతికి ఆ నడక రాదు. అమెరికాలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసిన మారిస్ సెండాక్ సంగతి తీసుకో. 1963లో వచ్చిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ పుస్తకంలో ఆయన వేసిన భూతాలకు మూలం, చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో తమ ఇంటికొచ్చి బుగ్గలు గిల్లిన చుట్టాలేనని ఆయనే చెప్పుకున్నాడు.

తమ్ముడు: నీకు పనికొచ్చేవే ఏరుకుంటున్నావు. అమెరికాలోనే బొమ్మల పుస్తకాలు చేసిన ఎరిక్ కార్ల్ కాగితాల దొంతరకి పంచ్‌తో చిల్లులు పొడుస్తుంటే పుస్తకాల పురుగు కథ తట్టింది. పురుగు వద్దు, గొంగళిపురుగైతే బాగుంటుందని ఎడిటర్ అంది. 1969లో వచ్చి ప్రపంచమంతా చదివిన ‘ద వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్’ అలా తయారైంది. అది పుట్టింది తోటలో కాదు, బల్ల మీద.

అక్క: పంచ్ మాత్రం రోజూ చేతిలో ఉండే వస్తువు కాదా? ఆ చిల్లులు అందరూ పొడుస్తారు, ఆయన వాటిని చూశాడు. నేను వీధి అంటున్నది ఊరంతా తిరగమని కాదురా. కళ్లు తెరిచి ఉండమని.

తమ్ముడు: చూసిందంతా వేస్తే అది పిల్లల బొమ్మ అవదు. 32 పేజీలుంటాయి. ఎక్కడ పేజీ తిప్పాలనిపించాలి, ఏ స్ప్రెడ్‌లో, అంటే ఎదురెదురు పేజీల జంటలో, మనిషి చిన్నగా ఉండాలి, ఎక్కడ తెల్లగా వదిలెయ్యాలి, ఇవన్నీ డమ్మీ, అంటే పుస్తకం నమూనా, కట్టుకుంటేనే తెలుస్తాయి. బాపు గారి బుడుగును చూడు. ఎన్ని గీతలున్నాయి? లెక్కపెట్టొచ్చు. అది తీసెయ్యడం తెలిసిన చెయ్యి.

అక్క: తీసెయ్యాలంటే ముందు ఉండాలి కదా! వీధి కుళాయి దగ్గర్నుంచి నిండు బకెట్టు తెచ్చే పిల్లని వెయ్యమంటే చాలామంది నిటారుగా వేస్తారు. బకెట్టులో నీలం రంగుంటుంది గానీ నీళ్లుండవు. కుడిచేత్తో బకెట్టు పట్టుకున్న పిల్ల ఎడమపక్కకి ఒరుగుతుంది. ఎడంచెయ్యి దానంతటదే బారజాపుకుంటుంది. బకెట్టు అంచు మోకాలికి కొట్టుకుంటుందని ఆ కాలు దూరం పెట్టి అడుగేస్తుంది. గౌను ఆ పక్క మాత్రమే తడిసి పిక్కకి అంటుకుంటుంది. ఇదంతా చూశాకే రెండు గీతల్లో తేల్చొచ్చు. చూడకుండా తేల్చినవి ఉత్త గీతలు.

తమ్ముడు: పిల్లలు అంత పట్టించుకుంటారా?

అక్క: వాళ్లే పట్టించుకుంటారు. అమ్మ చదివి వినిపిస్తుంటే వాళ్ల కళ్లు అక్షరాల మీదుంటాయా, బొమ్మ మీదుంటాయా?

తమ్ముడు: సరే, గడువు సంగతేమిటి? అమెరికా చిత్రకారుడు రాబర్ట్ మెక్‌క్లాస్కీ ‘మేక్ వే ఫర్ డక్‌లింగ్స్’ అనే బాతుపిల్లల పుస్తకం కోసం మ్యూజియంలో బాతుల్ని గీసుకున్నాడు, చాలక బతికున్న బాతుల్ని కొని న్యూయార్క్‌లో తన ఫ్లాట్‌కి తెచ్చి స్నానాల తొట్టిలో ఈత కొట్టించాడు. 1941లో ఆయనకి చెల్లింది. నెల తిరక్కుండా ఫైనల్స్, అంటే పూర్తయిన బొమ్మలు, కావాలనే చోట నేను బాతుల వెంట పడితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

అక్క: పుస్తకం చేతికొచ్చాక చూడ్డం మొదలుపెడితే గడువు సరిపోదు, నిజమే. ఇంకో అమెరికా చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ 1940లో లైఫ్ పత్రికలో ఒక నల్లజాతి పిల్లాడి ఫొటోలు చూసి కత్తిరించి దాచుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటాక, 1962లో, ఆయన ‘ద స్నోయీ డే’ పుస్తకంలో ఆ పిల్లాడే మంచులో ఎర్ర కోటు తొడుక్కుని నడిచాడు. ఆ ఫొటోలు కత్తిరించినప్పుడు ఆయన్ని ఎవరూ గడువు అడగలేదు. నా స్కెచ్ బుక్కులు కూడా ఏ పుస్తకం కోసమూ కాదు. బస్సులో, రేషన్ షాపు వరసలో, ఆస్పత్రి బెంచీ మీద నిండుతుంటాయి.

తమ్ముడు: కీట్స్ చూసింది కూడా అచ్చయిన ఫొటోనే, వీధిలో పిల్లాణ్ణి కాదు.

అక్క: ఔను, ఫొటోనే. అన్నేళ్లూ దాచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. అది వేరు, పొద్దున వెతికి సాయంత్రానికి వేసెయ్యడం వేరు.

తమ్ముడు: మనకిచ్చేది పేజీకింత అని. చూసిన గంటలకి ఎవరిస్తారు?

అక్క: అడగాలి. కథ జాలరిపేటలో జరుగుతుంటే, ఒప్పుకునే ముందే అక్కడికెళ్లొచ్చే ఖర్చూ ఇంకాస్త గడువూ కలపమని మెయిల్ పెడతాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్లకి ఒకటే చెబుతాను. తెప్పకి దుంగలు ఎలా కడతారో తెలియకుండా వేస్తే, ఒడ్డున పుట్టిన పిల్లాడు ఇట్టే పట్టేస్తాడు. ఆ పుస్తకం తనది కాదనుకుని పక్కన పడేస్తాడు.

తమ్ముడు: తెప్ప నువ్వు చూసిరా, కాదన్ను. దాని ముక్కు రెండు పేజీల మధ్య కుట్టులో పడకుండా ఎక్కడ పెట్టాలో మాత్రం నన్నడుగు. ఆ లెక్క ఏ ఒడ్డునా దొరకదు.