పిల్లాడికి నెలకు ఎంతవుతోంది? మనోవర్తి లెక్క అక్కడ మొదలవ్వాలి

మా పిన్ని కూతురు మూడేళ్ల క్రితం భర్త నుంచి విడిగా వచ్చేసి, ఎనిమిదేళ్ల కొడుకుతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంది. మనోవర్తి కేసు వేయడానికి లాయర్ దగ్గరికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. ముందు రోజు రాత్రి కూర్చుని, పిల్లాడి పాత లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో ఖర్చులన్నీ రాసుకుంది. లాయర్ ఆ పేజీ వైపు చూడనే లేదు. "ఆయన జీతం ఎంతమ్మా?" అని అడిగారు. చెప్పింది. "ముప్పై అడుగుదాం, పదిహేను దగ్గర తెగుతుంది" అన్నారు. ఆమె పేజీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆ లాయర్ చెడ్డవారేమీ కాదు. రోజూ కోర్టులో చూస్తున్నదే చెప్పారు. పురానీ హవేలీలోనైనా, ఎల్బీనగర్‌లోనైనా ఫ్యామిలీ కోర్టు వరండాలో కాసేపు నిలబడితే వినిపించే మాటలు ఇవే. ఎంత అడగాలి, ఎంతకు దిగాలి, ఎంత దగ్గర ఒప్పుకోవాలి. ఆ మాటల్లో పిల్లాడి స్కూల్ ఫీజు ఎంత, చెప్పుల సైజు ఎంత అనేవి ఎక్కడా రావు. పిల్లల మనోవర్తి బేరంతో తేలే విషయం కాదనీ, కాగితం మీద లెక్క కట్టగలిగిన విషయమనీ నా నమ్మకం.

మన చట్టంలో ఇంత ఇవ్వాలనే అంకె లేదు. ఒకప్పుడు ఒక అంకె ఉండేది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ ప్రకారం నెలకు 500 రూపాయలు మించకూడదు. 2001 సవరణతో ఆ పరిమితి తీసేశారు. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది, సారాంశం దాదాపు పాతదే. ముస్లిం పిల్లలకూ 125వ సెక్షన్ కింద హక్కుందని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ అదనంగా ఉంది. పిల్లల్ని పోషించే బాధ్యత తండ్రికే కాదు, తల్లికీ ఉందని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే ఎవరు ఇవ్వాలో చట్టంలో ఉంది. ఎంత అనేదాన్ని జడ్జి విచక్షణకు వదిలేసింది. లెక్క కట్టే పద్ధతి ఒకటి లేకపోవడంతో ఆ ఖాళీలోకి బేరం వచ్చి కూర్చుంది.

జనంలో ఒక అంకె మాత్రం బాగా తిరుగుతోంది. "జీతంలో 25 శాతం ఇవ్వాలంట కదా?" అని అడుగుతారు. 2017లో కలకత్తా హైకోర్టు నుంచి వచ్చిన ఒక కేసులో, భర్త చేతికొచ్చే జీతంలో 25 శాతం భార్యకు మనోవర్తిగా సబబు అని సుప్రీంకోర్టు అన్న మాట అది. ఆ మాట పిల్లల పోషణకు సూత్రంగా చెప్పింది కాదు. ఇద్దరు పిల్లలున్నా, పిల్లలే లేకపోయినా అదే పావలా వంతు అంటే అందులో పిల్లల లెక్క ఎక్కడుంది? 2004లో ఢిల్లీ హైకోర్టు ఇంకో దారి చూపింది. ఇంటి ఆదాయాన్ని ఒక కేకు అనుకుని, సంపాదించే భర్తకు రెండు ముక్కలు, మిగతా ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అంది. అందులో కనీసం పిల్లలు మనుషులుగా లెక్కలోకి వచ్చారు.

నాకు అన్నిటికంటే సరిగా అనిపించేది 2000లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. దాన్ని ఎక్కువమంది తలుచుకోరు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగులు, తండ్రి జీతం తల్లి జీతానికి రెట్టింపు. ఒక్కో బిడ్డకు నెలకు 3 వేలు అవసరమని కోర్టు ముందు తేల్చింది. ఆ మొత్తాన్ని ఇద్దరూ 2:1 నిష్పత్తిలో భరించాలంది. ముందు బిడ్డ ఖర్చు, ఆ తర్వాత పంపకం. పద్ధతంటే ఇంతే. పాతికేళ్లు దాటినా దీన్ని మనం అలవాటు చేసుకోలేదు.

మా చెల్లి పేజీలోని అంకెల్ని కాస్త రౌండ్ చేసి ఇక్కడ పెడతాను. స్కూల్ ఫీజు ఏడాదికి 96 వేలు, అంటే నెలకు 8 వేలు. బస్సు 2 వేలు. పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజులు, పిక్నిక్‌లు ఏడాదికి 18 వేలు, అంటే నెలకు 1,500. తిండి, పాలు, పండ్లు కలిపి 6 వేలు. స్కూలైపోయాక ఆమె ఆఫీసు నుంచి వచ్చేదాకా ట్యూషన్‌లో కూర్చోబెట్టడానికి 3 వేలు. డాక్టరు, మందులు, ఇన్సూరెన్స్ 1,500. బట్టలు, షూస్, కటింగ్, పుట్టినరోజులు 1,500. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌లో వాడి వాటా 1,500.

ఇంటి అద్దె దగ్గర ఆమె ఆగిపోయింది. "ఆ ఇంట్లో నేనూ ఉంటున్నాను కదా, అద్దె రాయొచ్చా?" అని అడిగింది. రాయాలి. ఒక్కతే ఉంటే సింగిల్ బెడ్‌రూమ్ 10 వేలకు సరిపోయేది. పిల్లాడు ఉన్నాడు కాబట్టి డబుల్ బెడ్‌రూమ్, 15 వేలు. ఆ తేడా 5 వేలు పిల్లాడి ఖర్చే. పిటిషన్ కాగితాల్లో ఎక్కువసార్లు తప్పిపోయేది ఈ గది అద్దే. మొత్తం కూడితే నెలకు 30 వేలు.

ఆయన చేతికి 90 వేలు వస్తుంది, ఆమెకు 30 వేలు. 3:1 నిష్పత్తిలో పంచితే ఆయన వాటా 22,500, ఆమె వాటా 7,500. ఇద్దరూ తమ జీతంలో పావు వంతే ఇస్తున్నట్టు కనబడుతుంది. కానీ 90 వేలలో పావు వంతు పోవడం, 30 వేలలో పావు వంతు పోవడం ఒకటి కాదు. ఆస్ట్రేలియాలో ఈ లెక్క కట్టేటప్పుడు, తల్లికీ తండ్రికీ సొంతంగా బతకడానికి కావలసిన మొత్తాన్ని ముందు మినహాయిస్తారు. మిగిలిన ఆదాయాల్ని బట్టే పిల్లల ఖర్చు పంచుతారు. ఇక్కడ ఒక్కొక్కరికి 20 వేలు పక్కన పెడితే ఆయనకు 70 వేలు, ఆమెకు 10 వేలు మిగులుతాయి. నిష్పత్తి 7:1 అవుతుంది. ఆయన వాటా 26,250, ఆమెది 3,750. ఇది న్యాయంగా ఉందని నేను అనుకుంటున్నాను. ఎందుకంటే ఆమె ఇచ్చేది డబ్బొక్కటే కాదు. పిల్లాడికి జ్వరమొస్తే సెలవు పెట్టేది ఆమె. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లేది, హోంవర్క్ చేయించేది, ఆ కారణంగా దూరపు ఆఫీసులో మంచి ఉద్యోగం వచ్చినా వదులుకునేదీ ఆమే. ఆ శ్రమకు ఏ పేస్లిప్పూ లేదు.

తండ్రుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో కొన్ని సరైనవే. నెలలో ఎనిమిది రోజులు పిల్లాడు తన దగ్గరే ఉంటే ఆ రోజుల తిండి, షికారు ఖర్చు ఆయనదే. బ్రిటన్‌లో ఏడాదికి 52 నుంచి 103 రాత్రులు పిల్లలు తన దగ్గర పడుకుంటే కట్టే మొత్తంలో ఏడో వంతు తగ్గిస్తారు. మనమూ అలా తగ్గించవచ్చు. తల్లి సంపాదన ఎక్కువైతే పెద్ద వాటా తల్లి మోయాలి, ఇందులో సందేహం లేదు. కానీ "పిల్లాణ్ని చూపించడం లేదు, డబ్బెందుకు కట్టాలి?" అనే మాటను నేను ఒప్పుకోను. చూపించకపోతే విజిటేషన్ (పిల్లాణ్ని కలిసే హక్కు) కోసం వేరే పిటిషన్ వేసుకోవాలి, ఆ పోరాటం న్యాయమైనదే. దాని కోసం పిల్లాడి ఫీజు ఆపితే దెబ్బ తగిలేది పిల్లాడికి. ఫ్లాట్ ఈఎంఐ, కారు ఈఎంఐ తీసేస్తే చేతిలో ఏమీ మిగలదనే వాదన కూడా అంతే. టాక్స్, పీఎఫ్ వేరు. సొంత ఇష్టంతో తీసుకున్న లోను పిల్లల తిండి కంటే ముందుకు రాకూడదు.

అసలు టెన్షన్ ఆదాయం బయటపడే దగ్గరే ఉంది. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగికి పేస్లిప్ ఉంటుంది. నగదు మీద నడిచే వ్యాపారానికి ఏముంటుంది? ఐటీ రిటర్నులో చూపించేది ఒకటి, ఇంట్లో కనిపించే బతుకు ఇంకొకటి. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టులో జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ ఆర్.సుభాష్ రెడ్డి ఇచ్చిన రజనీష్-నేహా తీర్పు ఇక్కడే పెద్ద మేలు చేసింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు, ఖర్చులు అఫిడవిట్‌లో చెప్పి తీరాలంది. అఫిడవిట్ నమూనా కూడా తీర్పుకే జతచేసింది. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకు రావాలంది. తల్లి కూడా ఉద్యోగం చేస్తూ తగినంత సంపాదిస్తుంటే పిల్లల ఖర్చుల్ని ఇద్దరూ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చంది. అయితే ఆ నమూనాను చాలామంది ఒక లాంఛనంలా నింపేస్తున్నారు. "పిల్లల ఖర్చు" దగ్గర ఒక మొత్తం అంకె వేసి వదిలేస్తే అవతలి లాయర్ ఒక్క ప్రశ్నతో దాన్ని కొట్టేస్తారు. బిల్లు చూపించి, విడివిడిగా రాస్తే కొట్టడం అంత తేలిక కాదు.

లెక్కకు లొంగని చోటు కూడా ఉంది. నెలకు 18 వేలు తెచ్చుకునే డెలివరీ బాయ్, ఇళ్లలో పని చేసి 10 వేలు తెచ్చుకునే తల్లి. ఇద్దరి దగ్గరా చెరో బతుకు మినహాయిస్తే మిగిలేది సున్నా. అక్కడ ఏ నిష్పత్తి పెట్టినా డబ్బు పుట్టదు. అలాంటి ఇళ్లలో 3 వేలో, 4 వేలో తేలుతుంది. అదైనా ప్రతి నెలా ఒకే తేదీన వస్తే ఆ తల్లికి కొండంత ధైర్యం. ఇవ్వకపోతే బకాయి వసూలుకు మళ్లీ పిటిషన్, వారెంటు, వాయిదా. ఒక్కో వాయిదాకు ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకుంటుంది. ఆ కుటుంబాలకు లెక్క కంటే వసూలే పెద్ద సమస్య. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు.

కాలం గురించి కూడా మాట్లాడాలి. ఈ రోజు 22,500 అని ఆర్డర్ వచ్చి అక్కడే ఆగిపోయిందనుకుందాం. పిల్లాడి ఖర్చు ఏడాదికి 8 శాతం పెరిగితే పదేళ్లకు 30 వేలు కాస్తా 64 వేలు దాటుతుంది. నాలుగింట మూడు వంతులున్న తండ్రి వాటా మూడో వంతు దగ్గరికి జారుతుంది. ఆర్డర్ మార్చమనడానికి సంహితలో 146వ సెక్షన్ ఉంది, కానీ దానికి మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. పెంపు ఆర్డర్‌లోనే రాసి ఉంటే ఆ బాధ లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక మహిళకు నెలకు 50 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపుతో ఇచ్చింది. పిల్లల విషయంలో ఇది ఇంకా అవసరం.

మ్యూచువల్‌లో, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకుల్లో, ఒకేసారి ఇచ్చేసే సెటిల్‌మెంట్‌తోనూ జాగ్రత్త. నాలుగేళ్ల పాపకు 10 లక్షలంటే పెద్దమనుషులకు ఘనంగా వినిపిస్తుంది. 18 ఏళ్లు వచ్చేదాకా 168 నెలలు. భాగిస్తే నెలకు 6 వేలు కూడా రాదు. వడ్డీ వస్తుందంటారు, ఫీజుల పెంపు దాన్ని తినేస్తుంది. పైగా 18 దగ్గరే మన పిల్లల అసలు ఖర్చు మొదలవుతుంది. ఇంటర్, ఎప్‌సెట్ కోచింగ్ అయ్యాక బీటెక్ నాలుగేళ్లు. 144వ సెక్షన్ కింద కొడుక్కి మేజర్ అయ్యేదాకే హక్కు, వైకల్యం ఉంటే తప్ప. పెళ్లి కాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే 1956 చట్టం కింద ఆ తర్వాతా హక్కుందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అవసరమైతే 25 ఏళ్ల దాకా పొడిగించేలా ఉండాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సూచించింది. అది చట్టం కాలేదు.

పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా చేయగలిగింది కూడా ఉంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984, 21వ సెక్షన్ ప్రకారం హైకోర్టు నియమాలు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు ఒక రెండు పేజీల లెక్క పత్రం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో విడుదల చేయాలి. బిడ్డ ఖర్చుల వరసలు, తల్లిదండ్రుల సొంత బతుకు మినహాయింపు, రాత్రుల లెక్క, ఏటా పెంపు అందులో ఉండాలి. దాన్నుంచి వచ్చిన అంకెను జడ్జి మార్చవచ్చు, కానీ ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాయాలి. బ్రిటన్‌లో ఒక బిడ్డకు వారం ఆదాయంలో 12 శాతం, ఇద్దరికి 16 అని ప్రాథమిక రేటు ముందే పెట్టేశారు, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆ శాతాలు మనకు నప్పవు, అక్కడ తల్లి ఆదాయాన్ని లెక్కలోకే తీసుకోరు. కానీ కోర్టుకు వెళ్లకముందే ఇద్దరికీ సుమారు అంకె తెలిసి ఉండటం మనకూ కావాలి.

మా చెల్లికి నెలకు 12 వేలు అని ఆర్డర్ వచ్చింది. ఆ 12 ఎలా వచ్చిందో ఆర్డర్‌లో ఎక్కడా లేదు, పెంపు మాట కూడా లేదు. పిల్లాడు ఈ జూన్‌లో ఆరో తరగతికి వచ్చాడు, ఫీజు పెరిగింది. మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద రసీదులన్నీ నెలల వారీగా పిన్ను కొట్టి పెట్టి ఉన్నాయి. ఈసారి ఇంటి అద్దె కాగితం అన్నిటికంటే పైన పెట్టింది.