ముద్దాయిలు ముసలివాళ్లయ్యాక

కంబోడియాను ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ముఠా ఏలింది మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు. ఆ కాస్త కాలంలోనే ఆకలికి, వెట్టిచాకిరీకి, హత్యలకు సుమారు 17 లక్షల మంది బలయ్యారు. ఆ ఘోరాలపై ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన ప్రత్యేక కోర్టు చివరి అప్పీలు మీద తీర్పు చెప్పింది 2022 సెప్టెంబరులో. అప్పటికి ఆ పాలన కూలి 43 ఏళ్లు. ఖర్చు 33 కోట్ల డాలర్ల పైమాటే. శిక్ష పడింది ముగ్గురికి.

కోర్టులన్నాక ఆలస్యం మామూలే అని సరిపెట్టుకోవడం మనకు బాగా అలవాటు. కానీ ఈ ఆలస్యం కొందరు కోరి తెచ్చింది. 1979లో వియత్నాం సేనలు ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్‌పాట్‌ను తరిమేశాక కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఏళ్ల తరబడి అతని పక్షానికే దక్కింది. వియత్నాం మీద కోపంతో అమెరికా, చైనా దానికి కొమ్ముకాశాయి. 1980లోనే కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన భారత్‌ది వేరే దారి. తర్వాత దేశంలోపలా రాజీలే నడిచాయి. లొంగిపోయిన ఖ్మేర్ రూజ్ విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీకి 1996లో రాజు క్షమాభిక్ష పెట్టారు. తీరా 2006లో కోర్టు పని మొదలయ్యేసరికి పోల్‌పాట్ పోయి ఎనిమిదేళ్లు. ఇయెంగ్ సారీని బోనెక్కించారు గానీ, విచారణ సాగుతుండగానే 2013లో చనిపోయాడు. మతిమరుపు జబ్బుతో ఉన్న, తానూ ముద్దాయే అయిన అతని భార్యను విచారించలేమని అంతకుముందే వదిలేశారు.

12 వేల మందికి పైగా ఖైదీలను పొట్టనబెట్టుకున్న తువోల్ స్లెంగ్ జైలు అధికారి డుచ్‌కు 2010లో 35 ఏళ్ల శిక్ష వేశారు. అందులో అక్రమ నిర్బంధానికి పరిహారంగా ఐదేళ్లు, అప్పటికే గడిపిన 11 ఏళ్లు తీసేస్తే మిగిలింది 19. చట్టం ప్రకారం లెక్క సరైనదే. బాధితులు మాత్రం భగ్గుమన్నారు. 2012లో అప్పీలులో అది యావజ్జీవమైంది.

ఇంకో సంగతి మాకు మింగుడుపడదు. కోర్టు అధికారం 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 6 వరకే. కంబోడియా పల్లెల మీద అమెరికా విమానాలు బాంబులు కురిపించింది అంతకుముందు. పోల్‌పాట్ ముఠాను బయటి దేశాలు సాకింది ఆ తర్వాత. ఈ రెండింటికీ జవాబు చెప్పమని ఎవరినీ పిలిచే వీలు ఆ జడ్జీలకు లేదు. ఈ కోర్టు ఏర్పాటుకు 2003లో ఒప్పందం మీద సంతకాలు చేసింది కంబోడియా ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి.