సవరణ: చుక్కలు సాగింది గాలి వల్ల కాదు

శ్రీకాకుళంలో మా డాబా మీద నుంచి తీసిన ఓరియన్ నెబ్యులా (ఓరియన్ నక్షత్రమండలంలోని వాయు, ధూళి మేఘం) ఫొటో పెట్టినప్పుడు, సముద్రపు గాలికి ట్రైపాడ్ కదిలి చుక్కలు సాగాయని, 200 ఎంఎం లెన్స్‌కి 2.5 సెకన్ల ఎక్స్‌పోజర్ సరిపోతుందని రాశాను. రెండూ తప్పే.

నిన్న రాత్రి జూమ్ చేసి చూస్తే ప్రతి ఫ్రేములోనూ చుక్కలన్నీ బియ్యపు గింజల్లా ఒకే దిక్కుకు, తూర్పు పడమరలుగా సాగి ఉన్నాయి. గాలి అయితే ఒక్కో ఫ్రేములో ఒక్కోలా కదిలించేది కదా! ఇది భూభ్రమణం. ఆకాశం సెకనుకు దాదాపు 15 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది, ఓరియన్ ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) పక్కనే ఉంది కాబట్టి అక్కడ ఆ కదలిక పూర్తిగా కనిపిస్తుంది, మనకు ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులో ఉండే ధ్రువనక్షత్రం దగ్గరైతే చాలా తక్కువ.

ఇక ఎక్స్‌పోజర్ సంగతి: చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు పెట్టొచ్చో చెప్పే '500 రూల్' ప్రకారం 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్ 200తో భాగించి ఊరుకున్నాను, నా కెమెరాది క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) కాబట్టి ఆ 200ని 1.5తో గుణించాలని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే వచ్చేది దాదాపు 1.7 సెకన్లే. నిజానికి అదీ ఎక్కువే, చిన్న పిక్సెళ్లు ఆ సాగుడును పట్టేస్తాయి. 1 సెకను పెట్టి, ఫ్రేములు ఎక్కువ తీసి స్టాక్ చేయండి (అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫొటోగా కలపండి). నా మాట నమ్మి రాత్రంతా మంచులో కూర్చున్నవాళ్లు క్షమించాలి.