తాళం తీయండి

చిత్తూరు బజారు వెనక సందుల్లోకి వెళ్తే, నడుమ పైకప్పు లేని వాకిలి, దాని చుట్టూ గదులుండే తొట్టికట్టు ఇళ్లు ఇంకా అక్కడక్కడా కనబడతాయి. టేకు స్తంభాలు, గానుగ సున్నం గోడలు, తలుపుకు తుప్పు పట్టిన తాళం. పిట్టగోడలో పాతుకున్న రావిమొక్క ఇటుకల్ని ఒక్కొక్కటిగా పెకలిస్తుంటుంది. వీధరుగు మీద మాత్రం పొద్దున పూట ఎవరో ఇడ్లీలు అమ్ముతుంటారు. ఆ ఇంట్లో మిగిలిన సందడి అంతే. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత ఇల్లు ఖాళీ అయితే లాడ్జీ లేస్తుంది. చిత్తూరులో రావిచెట్టు లేస్తుంది.

1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు, ఆ తర్వాత తన పేరిట ఏర్పడ్డ జిల్లాకు కేంద్రంగా వెలిగిన ఊరిది. 2022 ఏప్రిల్ విభజనతో తిరుపతి, రేణిగుంట విమానాశ్రయం వేరే జిల్లాకు పోయాయి. చదువుకున్న పిల్లలు బెంగళూరు, చెన్నై బస్సులెక్కుతున్నారు. నడి ఊళ్లో మిద్దెలకు తాళాలు వేసి, ఊరవతల పొలాల్లో ప్లాట్లు వేయడం ఏం అభివృద్ధో మాకైతే అర్థం కావడం లేదు.

పాడుబెడితే ఎంత ఖర్చవుతుందో ఈ ఊరికి తెలుసు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. అమూల్‌తో మళ్లీ తెరిపించేందుకు 2023లో శంకుస్థాపన జరిగే నాటికి, పాత బకాయిలు తీర్చడానికే ప్రభుత్వం రూ.182 కోట్లు కట్టాల్సి వచ్చింది.

ఇంటిని ఎవరూ కావాలని పాడుబెట్టరు. పత్రాలు ఇంకా తాత పేరు మీదే ఉంటాయి. వారసులు ఆరుగురు, ఒకరు అమెరికాలో, ఇంకొకరు సంతకం పెట్టనని పంతంలో. వాటాలు తేలేదాకా కప్పు ఆగదు కదా! అలాంటి ఇళ్లను కార్పొరేషన్ పది, పదిహేనేళ్లకు లీజుకు తీసుకుని బాగుచేసి అద్దెకివ్వాలి. పెట్టిన ఖర్చు అద్దెలోంచి రాబట్టుకుని, మిగిలింది వారసుల ఉమ్మడి ఖాతాలో వేయాలి. హక్కుల జోలికి పోకూడదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల కాలపు ఇళ్లు హోటళ్లయ్యాయి. మనకు సముద్రం లేదు, టూరిస్టులు రారు అంటారా? రానక్కర్లేదు. ఉద్యోగినులకు హాస్టల్, పోటీ పరీక్షల పిల్లలకు చదువుకునే గది, మామిడి తాండ్ర చేసే డ్వాక్రా మహిళలకు చోటు చాలు.

బాగుచేయడమంటే సిమెంటు పూయడం కాదు. సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు, నాలుగు వానలకే పెచ్చులూడతాయి. కారుతోందని పాత మిద్దె మీద కాంక్రీటు పోస్తే ఆ బరువుకు దూలాలు కుంగుతాయి. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లతో సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలకు పని ఇవ్వాలి. టెండరు నిబంధనల పేరుతో వాళ్లను గేటు బయట నిలబెట్టొద్దు.

ముందుగా కార్పొరేషన్ తన ఖాళీ క్వార్టర్లు, షాపుల లెక్క తీయాలి. ప్రైవేటు ఇళ్ల సంగతంటారా, ఏడాదిగా మీటరు తిరగని ఇళ్లేవో కరెంటు బిల్లుల రికార్డే చెబుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపు ఆ జాబితాను ప్రతి వార్డు సచివాలయం గోడకూ అంటించాలి.