రివర్సు గేరులో రాజభాష

పర్లాకిమిడిలో కారును వెనక్కి నడపడం డ్రైవింగు విద్య కిందికి రాదు, భాషాశాస్త్రం కిందికి వస్తుంది. మా సందులో రివర్సు గేరు పడిన చప్పుడు వినబడిన మరుక్షణం, ఎవరూ పిలవకుండానే కనీసం ముగ్గురు పెద్దమనుషులు బండి వెనుక ప్రత్యక్షమవుతారు. వారిలో ఒకరు తెలుగులో "రానీ, రానీ" అంటారు, రెండవవారు ఒడియాలో "ఆసొ, ఆసొ" అంటారు, మూడవవారు ఏ భాషనూ నమ్మక డిక్కీ మీద అరచేత్తో చరుస్తారు. ఆ చరుపుకు రమ్మనే అర్థమూ ఉంది, ఆగమనే అర్థమూ ఉంది. రెండింటిలో ఏది ఉద్దేశించారో తీరిక మీద దిగి బంపరును చూసి తెలుసుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి, మహేంద్రతనయ నది ఒడ్డునున్న మా ఊరు అందులో చేరి, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు వైపు మిగిలిపోయినప్పుడు, ఎల్లలు గీసినవారు ఎన్నో విషయాలను ఆలోచించే ఉంటారు గాని, వెనక్కి వచ్చే వాహనాల సంగతి మాత్రం వారి తలపునకు వచ్చి ఉండదు. ఒడియాలో "ఆసొ" అంటే రమ్మని. పాతపట్నం నుంచి పండుగకు వచ్చిన మా తోడల్లుడు దానిని "ఆపు" అని విని, నడివీధిలో పావుగంట ఆగిపోయాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాని మా ఎదురింటి ఒడియా మాస్టారు, తెలుగువారందరూ ముక్తకంఠంతో "ఆపు, ఆపు" అని అరిచిన అరుపును సాదర ఆహ్వానంగా స్వీకరించి, మా ప్రహరీగోడను పునర్నిర్మాణ దశకు చేర్చారు. ఇదే ఊళ్లో రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడారు, సవర గిరిజనుల భాషను కూడా నేర్చి దానికి పుస్తకాలు రాశారు. (ఆయన నడిచిన వీధుల్లో నివసిస్తూ ఇంత బిగుసుకుపోయిన తెలుగు రాస్తున్నందుకు క్షమాపణ చెప్పుకోవలసిందే. కాని విషయ గాంభీర్యం అటువంటిది.)

ఈ పరిస్థితిలో, ఏ రాష్ట్రానికీ చెందని, ఏ లిపీ లేని, అ ఆ ఇ ఈలు రానివారికి సైతం బోధపడే ఒక తటస్థ భాషను కారులో బిగించుకోవాలని నేను నిశ్చయించుకున్నాను. దాని పేరు కూత. అది, బండి వెనుక అడ్డు ఉంటే పసిగట్టే పార్కింగ్ సెన్సార్ల నోట పలుకుతుంది. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనుక సెన్సార్లు తప్పనిసరి చేశారు. నా బండి అంతకు రెండేళ్ల ముందు పుట్టినది కనుక, దానికి వీపున కళ్లు లేకపోవడం చట్టసమ్మతమే. అయినా పదిహేను వందల రూపాయలు పెట్టి ఒక పెట్టె కొన్నాను. అందులో నాలుగు బొత్తాల వంటి సెన్సార్లు, వాటి తోకలు దూర్చడానికి ఒక చిన్న డబ్బా, కూసే మరొక డబ్బా, బంపరుకు బెజ్జాలు వేసే గుండ్రని రంపం ఉన్నాయి.

దెబ్బ తగలకుండా కాపాడుకోవాలనుకున్న బంపరుకు మనమే డబ్బిచ్చి నాలుగు బెజ్జాలు పొడిపించుకోవడంలోని వేదాంతం నాకు మెకానిక్కు డ్రిల్లు చేతబట్టినప్పుడు గాని తట్టలేదు. అతడు ముహూర్తం చూసే పురోహితుడంత నిదానంగా బంపరు మీద కాగితపు టేపు అంటించి, నేల నుంచి అరమీటరుకు పైన ఉండేలా కొలత టేపుతో కొలిచి, నాలుగు చుక్కలూ ఒకే వరుసలో వచ్చేలా గుర్తు పెట్టాడు. లోపల ఇనుప దిమ్మె అడ్డు వస్తుందేమోనని వంగి చూశాడు కూడా. మొదటి బెజ్జం పడుతుంటే మా ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సెన్సారు వెనుక చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది ఆకాశం వైపే ఉండాలి. తలకిందులుగా పెడితే సెన్సారు నేలచూపులు చూస్తూ, ఉన్న రోడ్డునే అడ్డంకిగా ప్రకటిస్తుంది. మా ఊరి రోడ్ల విషయంలో ఆ ప్రకటనను పూర్తిగా తప్పుపట్టలేము.

ఇక వైరింగు. డబ్బా నుంచి వచ్చే ఎర్ర తీగను రివర్సు లైటుకు కరెంటు తెచ్చే తీగకు కలపాలి, నల్ల తీగను రంగు గీకిన చోట బండి బాడీకి బిగించాలి. అప్పుడు రివర్సు గేరు పడితేనే డబ్బా మేల్కొంటుంది. ఏ తీగ ఏదో తెలియాలంటే ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, రివర్సు వేసి, టెస్టు బల్బు ఆనించి చూడాలి. మెకానిక్కు టీ తాగడానికి వెళ్లిన అయిదు నిమిషాలలో అతని శిష్యుడు ఈ పరీక్షను అనవసర ఆలస్యంగా భావించి, చేతికందిన బ్రేకు లైటు తీగకే ముడి పెట్టి, పైన నల్ల టేపు చుట్టేశాడు. ఫలితంగా నాలుగు రోజులపాటు నేను బజారులో ఎక్కడ బ్రేకు నొక్కినా, వెనుక నిలిచిన ప్రతి మోటారు సైకిలునూ నా బండి కంఠశోషతో ఖండించింది. ముందుకు పోతూ వెనుకవారిని తిట్టే అలవాటు మనుషులకే ఉందనుకునేవాడిని.

సరిచేయించిన తరువాత ఆ భాష వ్యాకరణాన్ని అధ్యయనం చేశాను. సెన్సారు సెకనుకు దాదాపు నలభై వేల కంపనాల ధ్వనిని వదులుతుంది. మన చెవి ఇరవై వేలు దాటితే వినలేదు కాబట్టి, గబ్బిలంలాగా అది తనలో తానే అరుచుకుని, గోడకు తగిలి వచ్చిన ప్రతిధ్వనిని తానే వింటుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోయిరావడానికి పట్టే సమయం సెకనులో వెయ్యింట ఆరు వంతుల లోపు. మే నెల ఎండలో ధ్వని కొంచెం వేగంగా పరుగెడుతుంది గనుక, ఎండను లెక్కలోకి తీసుకోని చవక డబ్బా దృష్టిలో నలభై డిగ్రీల వేడికి గోడ నూటికి మూడు పాళ్లు దగ్గరికి జరుగుతుంది. వేసవిలో అందరూ చిరాకు పడతారు, గోడలు ఎందుకు పడకూడదు?

ఈ భాషలో ఒక పెద్ద లోపం ఉంది. అది ఉన్నదాని గురించి మాట్లాడుతుందే గాని, లేనిదాని గురించి నోరెత్తదు. మా సందులో వెనుక చక్రానికి అసలు శత్రువు గోడ కాదు, మూతలేని మురుగుకాలువ. కాలువ అంటే నేల లేకపోవడం. లేని నేలకు తగిలి ధ్వని ఎలా తిరిగి వస్తుంది? కనుక కాలువలోకి దిగబోతున్న బండిలో సంపూర్ణ ప్రశాంతత నెలకొంటుంది. అరుగు కింది మెట్టు, పడుకున్న కుక్క, సన్నని ఇనుప చువ్వ, ధ్వనిని మింగేసే గడ్డిమోపు కూడా చాలాసార్లు దాని నిఘంటువులో ఉండవు. కాలువ సంగతి చెప్పగలిగినది ఆ ముగ్గురు పెద్దమనుషులే. కాని నేను యంత్రం కొన్నానని తెలిసి వారిలో ఇద్దరు చిన్నబుచ్చుకుని రావడం మానేశారు.

మూడవవారు మానలేదు. డిక్కీ చరిచే ఆ పెద్దమనిషి మా మావగారే. మొన్న సెన్సార్ల ప్రథమ ప్రదర్శనకు ఆయన పంచె ఎగగట్టి, బండికీ గోడకూ సరిగ్గా మధ్య నిలిచారు. నేను రివర్సు వేయగానే కూత మొదలై, ఒకదాని వెంట ఒకటి తరుముకుని, చివరకు తెంపు లేని ఒకే ఈలగా మారింది. పక్కకు జరగండని మావగారితో అనగల అల్లుడు ఏటికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. బ్రేకు మీద కాలు బిగబట్టి కూర్చున్నాను. ఆయన డిక్కీ మీద రెండుసార్లు చరిచి, కిటికీ దగ్గరకు గొంతు వినబడేలా వంగి, "ఏదో కూస్తున్నాది అల్లుడుగారూ, మీరు పట్టించుకోకండి, రానివ్వండి, ఇంకా బోలెడు జాగా ఉంది" అన్నారు.