ఎండదెబ్బకు కూల్‌డ్రింక్ మందు కాదు: ఒక వాట్సాప్ మెసేజ్‌కు ఖండన

ఎండలు ముదిరేసరికి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇచ్ఛాపురం, పాతపట్నంలో ఉన్న చుట్టాలు మనకు పంపుతున్నారు, మనం తిరిగి వాళ్లకు పంపుతున్నాం. అందులో ఉన్నది ఇదీ: "చెమట పట్టినప్పుడు ఉత్త నీళ్లు తాగితే నీరసం పోదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించేది గ్లూకోజే, కూల్‌డ్రింక్‌లో ఉండేదీ అదే. విరేచనాలైతే కూల్‌డ్రింక్‌లో చిటికెడు ఉప్పు వేసి ఇవ్వండి. మామిడి జ్యూస్ ప్యాకెట్ పిల్లలకు పండుతో సమానం. బిర్యానీ తిన్నాక సోడా తాగితే అరుగుతుంది. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు షుగర్ రాదు. చెరకు రసం, బెల్లం పానకం ఎంత తాగినా ఏమీ కాదు."

వీటిలో మొదటి మూడు మాటలు నమ్మితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

సెలైన్‌తో మొదలుపెడదాం. మామూలుగా సెలైన్ అనేది ఉప్పు నీరు. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంతే. అందులో చక్కెర ఉండదు. గ్లూకోజ్ బాటిల్ వేరే. దాన్ని కూడా డాక్టరు మనిషి పరిస్థితి చూసి, లెక్క కట్టి ఎక్కిస్తారు. మామూలు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. కోలా డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే లీటరుకు 100 గ్రాముల పైనే. చెమటలో పోయేది ముఖ్యంగా నీళ్లు, సోడియం. కూల్‌డ్రింక్‌లో చక్కెర బోలెడంత ఉంది, సోడియం మాత్రం నామమాత్రమే.

"ఉత్త నీళ్లు చాలవు" అన్న మాటలో సగం నిజం ఉంది. గంటల తరబడి ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్లకు నీళ్లతో పాటు కాస్త ఉప్పు కూడా కావాలి. గంజాం తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ ఉప్పు మజ్జిగలో ఉంది, గంజిలో వేసుకుంటే ఉంటుంది, మామూలు భోజనంలోనూ ఉంది. పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తిని తొరాణి (ఆ అన్నం నీళ్లు) తాగే ఒడియా కూలీ, తరవాణి (పులిసిన గంజి నీళ్లు) తాగిన మన తాతలు ఈ లెక్క ఎప్పుడో చూసుకున్నారు. ఇటుక బట్టీలో పనిచేసేవాళ్లకు ఎవరైనా కూల్‌డ్రింక్ పెట్టె తెచ్చి ఇస్తుంటే మంచి మనసుతోనే ఇస్తారు. ఆ డబ్బుకు ఒక కుండెడు పలచటి ఉప్పు మజ్జిగ వస్తుంది, దాంతోనే వాళ్లకు ఎక్కువ మేలు. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు విషయం డాక్టరును అడగాలి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019లో అమెరికా పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత వేడి గదిలో నాలుగు గంటలు పొలం పని లాంటి శ్రమ చేయించారు. ఒకసారి దాహానికి కూల్‌డ్రింక్ ఇచ్చారు, ఇంకోసారి నీళ్లు ఇచ్చారు. కూల్‌డ్రింక్ తాగిన రోజున కిడ్నీ ఒత్తిడికి గురైందని చెప్పే రక్త పరీక్షల గుర్తులు పెరిగాయి. పన్నెండు మంది మీద చేసిన ప్రయోగంతో అంతా తేలిపోదు, ఆ మార్పు ఎంతకాలం ఉంటుందన్నది వేరే ప్రశ్న. కానీ ఎండలో దాహానికి కూల్‌డ్రింకే మంచిదని చెప్పడానికైతే దీంట్లో ఏ ఆధారమూ లేదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మనకు పొరుగే, అక్కడ కిడ్నీ జబ్బుతో నలిగిన కుటుంబాలు మన బంధువుల్లోనే ఉన్నాయి. ఆ జబ్బుకు కారణం కూల్‌డ్రింకని నేను అనడం లేదు, దాని కారణం ఇంకా తేలలేదు. అయితే ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీల గురించి మన ప్రాంతంలో ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి.

ఇక విరేచనాల మాట. మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మి ఎవరైనా చిన్నపిల్లలకు పట్టించవచ్చు. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు కూడా వెళుతుంది. ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి) పనిచేసేది ఈ సూత్రం మీదే. అందుకే దాంట్లో పాళ్లు అంత కచ్చితంగా ఉంటాయి: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. కూల్‌డ్రింక్‌లో చక్కెర దీనికి ఏడెనిమిది రెట్లు. అంత చిక్కటి తీపి పేగులోకి వెళితే ఒంట్లో నీరే పేగులోకి దిగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. చిటికెడు ఉప్పు వేసినంత మాత్రాన ఈ పాళ్లు సరిపోవు.

ఓఆర్ఎస్ విలువ తెలియాలంటే 1971 గుర్తు చేసుకోవాలి. బంగ్లాదేశ్ యుద్ధం నాటికి బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది, సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, బేకింగ్ సోడా కొలిచి నీళ్లలో కలిపి తాగించారు. చావులు 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మే తియ్యటి టెట్రా ప్యాకెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ వీటి మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ ఫార్ములా ప్రకారం లేని డ్రింకులకు ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఇంకా ఎక్కడైనా షాపులో కనిపిస్తే, పేరు చూసి మోసపోవద్దు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

మామిడి జ్యూస్ గురించి: మన దేశ నిబంధనల ప్రకారం "ఫ్రూట్ డ్రింక్" అనడానికి 10 శాతం పండు రసం ఉంటే చాలు, నిమ్మకైతే 5 శాతమే. మిగతాది చాలావరకు నీళ్లు, చక్కెర. పండులోని పీచు అందులో లేదు. మామిడిపండు తింటే కడుపు నిండుతుంది, పీచు వల్ల చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది. జ్యూస్ తాగితే ఆ నిదానం ఉండదు.

బిర్యానీ తిన్నాక సోడా తాగితే వచ్చే త్రేనుపు ఆ సోడాలోని గ్యాసే. తిన్నది అరిగినట్టు కాదు.

కష్టపడేవాళ్లకు షుగర్ రాదన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. శ్రమ వల్ల షుగర్ ముప్పు తగ్గుతుందన్నది నిజమే. కానీ తగ్గడం వేరు, రాకపోవడం వేరు. రోజుకు ఒకటి రెండు తీపి డ్రింకులు తాగేవాళ్లకు, నెలకు ఒకటి కూడా తాగనివాళ్లతో పోలిస్తే టైప్ 2 డయాబెటిస్ ముప్పు 26 శాతం ఎక్కువని 2010లో మూడు లక్షల మందికి పైగా ఉన్న అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. అంతమందిలో కూర్చుని పనిచేసేవాళ్లే ఉంటారనుకోవడం పొరపాటు. తాగే చక్కెరతో ఇంకో చిక్కు ఏమిటంటే, దాంతో కడుపు నిండినట్టు అనిపించదు, అన్నం ఎప్పుడూ తినేంతే తింటాం. చక్కెరలో సగం ఫ్రక్టోజ్, దాన్ని ఎక్కువగా చూసుకోవలసింది కాలేయం. అతిగా వస్తే అక్కడ కొవ్వుగా పేరుకుంటుంది. దంతాల సంగతి వేరే చెప్పాలా? ఈ డ్రింకుల్లోని ఆమ్లానికే పంటి పైపూత అరుగుతుంది, చక్కెర దానికి తోడవుతుంది.

రోజుకు అదనపు చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 250 మిల్లీలీటర్ల ఒక్క చిన్న కోలా బాటిల్‌తోనే ఆ 25 గ్రాములు అయిపోతాయి. టీలో వేసుకునేది, మిఠాయిలో ఉండేది ఇంకా లెక్కలోకి రాలేదు.

కూల్‌డ్రింక్ పనికొచ్చే సందర్భం ఒకటుంది. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకు షుగర్ హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణుకు వస్తే, స్పృహలో ఉన్నప్పుడు 15 గ్రాముల చక్కెర వెంటనే ఇవ్వాలి. సుమారు 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్ ఆ పని చేస్తుంది. డైట్ డ్రింక్ చేయదు. బరువు తగ్గడానికైనా ఆ కృత్రిమ తీపి వద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

చెరకు రసం, బెల్లం మాట చెబితే చాలామందికి బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇవి మన ఇంటివని ప్రేమ. బెల్లంలో కాస్త ఖనిజాలు ఉన్నా దానిలో ఎక్కువ భాగం చక్కెరే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెరకు రసంలో 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని, వేసవిలో అది తాగడం తగ్గించమని రాసింది. కోలా కంటే ఎక్కువన్నమాట. ఒడియా కొత్త సంవత్సరం పణా సంక్రాంతినాడు ఒక గ్లాసు బేల పణా (మారేడు పానకం) తాగండి, పండగ పండగే. రోజూ తాగేదైతే మారేడు గుజ్జు, నీళ్లు ఉంచి బెల్లం తగ్గించండి.

కొబ్బరి నీళ్లలో చక్కెర తక్కువ, పొటాషియం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తాగకూడదు, పొటాషియం బయటికి పోక గుండెకు ప్రమాదం రావచ్చు. ఉద్దానం చుట్టాలింటికి వెళితే బోండాం పట్టుకెళ్లే ముందు ఒకసారి ఆలోచించండి.

మెసేజ్‌లో చెప్పిన విరేచనాల వైద్యానికి బదులు ఇంట్లో చేయగలిగింది ఇది. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరికితే, దాని మీద రాసినన్ని శుభ్రమైన నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కు లీటరు) ప్యాకెట్ మొత్తం కలపాలి, సగం సగం కాదు. 24 గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచాకు సమంగా గీసి వేయాలి. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ మూత్రం పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, రక్తం పడినా ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. ఎండలో మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకండి. ఒంటి మీద నీళ్లు చల్లి, గాలి తగిలేలా చేసి, 108కి ఫోన్ చేయండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా ఇస్తారు, ఈ వేసవికి మీ ఇంట్లో రెండు ఉంచుకోండి.