ఆ ఫార్మాట్ బటన్ నొక్కకండి

ట్యాబ్‌కు పెన్‌డ్రైవ్ పెట్టగానే "ఈ డ్రైవ్ సపోర్ట్ చేయదు, సెటప్ చేయడానికి నొక్కండి" అని వచ్చిందా? ముందు పెన్‌డ్రైవ్ తీసేయండి. ఈ పోస్టు మిగతాది తర్వాత చదవొచ్చు. ఆ నోటిఫికేషన్ మీద నొక్కుకుంటూ పోతే చివరికి తేలేది ఫార్మాట్ దగ్గరే. ఫార్మాట్ అయిందంటే అందులో ఉన్నదంతా పోయినట్టే లెక్క.

ఆ ఒక్క స్క్రీన్ మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఇళ్లలో పెద్దవాళ్ల చేతికి ట్యాబ్‌లు వచ్చాక అది ఇంకా పెరిగింది. ఎందుకంటే అలా వచ్చినప్పుడు చాలాసార్లు పెన్‌డ్రైవ్‌లో ఏ లోపమూ ఉండదు. కంప్యూటర్‌కు పెడితే తెరుచుకుంటుంది. హాల్లో టీవీకి పెడితే వీడియో ఆడుతుంది. ట్యాబ్‌కు మాత్రం చదవడం రాదు. చదవడం రానప్పుడు ఆ ముక్క చెప్పి ఊరుకోవాలి. చెరిపేసి కొత్తగా మొదలుపెడదామా అని అడిగే హక్కు దానికి ఎవరిచ్చారు?

తణుకులో మా పిన్నికి వాళ్లబ్బాయి డాలస్ నుంచి వచ్చినప్పుడు ఒక ట్యాబ్ తెచ్చిచ్చాడు. వీడియో కాల్స్‌కి, భజనలు వినడానికి బాగుంది. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏరా, చిన్నదాని పెళ్లి వీడియో చూద్దామని పెడితే ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది. ఓకే కొట్టేయనా?"

"వద్దు పిన్నీ, ఏమీ నొక్కకు. ముందు ఆ పెన్‌డ్రైవ్ తీసెయ్."

"తీసేస్తే ట్యాబ్ పాడవదు కదా?"

"పాడవదు. తీసెయ్, నేను లైన్లోనే ఉంటాను."

తీసే ముందు ఆ స్క్రీన్ ఫొటో పక్కింటమ్మాయి చేత వాట్సాప్‌లో పంపించింది. పైన డ్రైవ్ పేరు, దాని కింద రెండు మూడు లైన్ల ఇంగ్లీషు, అడుగున కొట్టొచ్చినట్టు కనిపించే రంగులో ఫార్మాట్ బటన్. ఉన్నదంతా పోతుందన్న హెచ్చరిక లేదని నేను అనను. ఉంది. సన్నటి అక్షరాల్లో ఉంది, మా పిన్నికి రాని భాషలో ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఎంతసేపు చూసినా ఆవిడకు అర్థమయ్యేది ఒక్కటే: ఇక్కడ నొక్కితే పని అవుతుంది. ఫోన్‌లో ఏ పర్మిషన్ అడిగినా అలాగే నొక్కమని ఆవిడకు నేర్పింది మన పిల్లలే.

ఆ పెన్‌డ్రైవ్ స్టూడియో వాళ్లు ఇచ్చింది. చిన్న చెక్కపెట్టె, మూత మీద వినాయకుడు, కింద వధూవరుల పేర్లు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ అందులోనే. ఆ పెళ్లికి వచ్చిన పెద్దవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్లు నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఇక ఆ వీడియోలోనే. స్టూడియోలో ఇంకో కాపీ ఉంటుందిలే అనే ధీమా వద్దు. సీజన్ వచ్చిందంటే వాళ్ల హార్డ్‌డిస్కులు నిండిపోతాయి, ఇచ్చేసిన పెళ్లిళ్లు తీసేస్తుంటారు. అందులో వాళ్లను తప్పుపట్టేదీ లేదు. ఎన్నేళ్లని దాచగలరు?

అసలు ట్యాబ్ దాన్ని ఎందుకు చదవలేదు? పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పద్ధతులు కొన్ని ఉన్నాయి. మనకు తగిలేవి మూడు: ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్. పాతదైన ఫ్యాట్32 దాదాపు అన్నిచోట్లా తెరుచుకుంటుంది. కానీ అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇప్పటి పెళ్లి వీడియో ఒక్క ఫైలే 10, 12 జీబీ ఉంటుంది. కాబట్టి స్టూడియోలో కూర్చున్న కుర్రాడు విండోస్ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చి ఫైలు ఎక్కించేస్తాడు. అతని ఆలోచన సరైందే. చూసేవాళ్లు టీవీలో చూస్తారు, చాలా టీవీలు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతాయి. పెళ్లివారు దాన్ని ట్యాబ్‌కు పెడతారని అతను అనుకోలేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. చాలా ట్యాబ్‌ల్లాగే ఆండ్రాయిడ్‌తో నడిచే టీవీల్లో కూడా ఎన్నో ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్‌ను హాయిగా ఆడిస్తాయి. కొన్ని కంపెనీల ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌కు అడుగున పునాదిలా ఉండే సాఫ్ట్‌వేర్ పేరు లినక్స్ కెర్నల్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కనీసం చదవడం లినక్స్‌కు ఎన్నో ఏళ్లుగా వచ్చు. 2021లో వచ్చిన 5.15 కెర్నల్‌లో రాయడం, చదవడం రెండూ చేసే డ్రైవర్, అంటే ఆ పద్ధతిని అర్థం చేసుకునే ప్రోగ్రామ్ కూడా చేరింది. అంటే ఇది చేతకాని పని కాదు, చేయాలనుకోని పని. రాయడం వద్దయ్యా, పిన్ని ఆ పెన్‌డ్రైవ్‌లో ఏమీ రాయదు. చూపిస్తే చాలు.

ఎక్స్‌ఫ్యాట్ పరిస్థితి కొంత నయం. మైక్రోసాఫ్ట్ దాన్ని 2006లో తెచ్చింది. 4 జీబీ అడ్డు లేదు. చాలాకాలం లైసెన్సుల గొడవ ఉండేది. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలను బయటపెట్టింది, మరుసటి ఏడాదికల్లా లినక్స్‌లో మంచి డ్రైవర్ వచ్చింది. ఇప్పుడు అమ్ముతున్న చాలా ట్యాబ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌ను చదువుతాయి. ఐప్యాడ్ కూడా చదువుతుంది. అందుకే స్టూడియోలు నడిపే అన్నదమ్ములందరికీ నా మనవి: పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు టీవీలో చూస్తారా, ట్యాబ్‌లో చూస్తారా అని ఒక్క మాట అడగండి. ట్యాబ్ అంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఇవ్వండి. పాత టీవీ ఉన్నవాళ్లకు మాత్రం అది ఆడకపోవచ్చు, కాబట్టి అడగడం తప్పదు.

ఇప్పటికే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉంటే, ఎవరిదైనా ల్యాప్‌టాప్ దొరికినప్పుడు మొత్తం కాపీ చేయించి, ఇంకో పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చి అందులో వేయించుకోండి. పాతదాన్ని అలాగే బీరువాలో ఉంచండి. ఎలాగూ రెండు కాపీలు ఉండాల్సిందే. పొరపాటున ఫార్మాట్ నొక్కేసి ఉంటే మాత్రం ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ ఎక్కించకండి, ఒక్క ఫొటో కూడా వద్దు. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్‌లో దానితో వెతికితే పోయిన ఫైళ్లు దొరికే అవకాశం ఉంటుంది. పైన కొత్తవి రాసేస్తే ఆ కాస్త ఆశా పోతుంది.

ఇంకో స్క్రీన్ గురించి కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, బయటి స్టోరేజీని ట్యాబ్ లోపలి స్టోరేజీలా వాడుకునే ఆప్షన్ ఉంది. కొన్నిట్లో అది కనిపిస్తుంది, కొన్నిట్లో కంపెనీలు తీసేశాయి. దాన్ని ఎంచుకుంటే ఉన్నదంతా చెరిగిపోవడమే కాదు, ఆ డ్రైవ్ ఇక ఆ ఒక్క ట్యాబ్‌కే పనిచేసేలా తాళం పడిపోతుంది. పెన్‌డ్రైవ్ విషయంలో దాని జోలికి వెళ్లకండి.

అసలు కొందరికి పెన్‌డ్రైవ్ పెట్టినా ఏ మెసేజ్ రాదు, ట్యాబ్ ఉలకదు పలకదు. అది వేరే గొడవ. మామూలుగా ట్యాబ్ కంప్యూటర్‌కు తగిలించే వస్తువు. దానికే ఇంకో వస్తువు తగిలించాలంటే అది కంప్యూటర్ పాత్రలోకి మారాలి, పెన్‌డ్రైవ్‌కు 5 వోల్టుల కరెంటు తనే ఇవ్వాలి. దీన్నే ఓటీజీ అంటున్నాం. పాత మైక్రో యూఎస్‌బీ పిన్నులో ఈ కబురు చెప్పడానికి ఐదో తీగ ఉండేది. టైప్-సిలో ఆ పని ఓటీజీ కనెక్టర్ లోపల ఉండే చిన్న రెసిస్టర్ చేస్తుంది. అది సరిగా లేని నాసిరకం కనెక్టర్ కొంటే ట్యాబ్‌కు కబురే అందదు, మనం ట్యాబ్‌ను తిట్టుకుంటాం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో మొబైల్ షాపులో కొన్నా అక్కడే ఒక పెన్‌డ్రైవ్ పెట్టి చూసి తీసుకోండి. రెండువైపులా పిన్ను ఉన్న పెన్‌డ్రైవ్ కొంటే ఈ బాధే ఉండదు. ఒకవైపు టైప్-సి, ఇంకోవైపు మామూలు యూఎస్‌బీ ఉంటాయి.

కొన్ని కంపెనీలు సెట్టింగ్స్‌లో ఓటీజీకి విడిగా ఒక స్విచ్ పెట్టాయి. అది ఆన్‌లో లేకపోతే ఏమీ కనపడదు. ఆన్ చేశాక కాసేపు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. బ్యాటరీ మిగలడానికని చెబుతారు. ఒప్పుకుంటాను, కానీ పెన్‌డ్రైవ్ గుచ్చినప్పుడు "ఓటీజీ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయనా" అని అడగొచ్చు కదా. అడగాల్సిన చోట అడగరు, చెరిపేయడానికి మాత్రం వెంటనే అడుగుతారు.

వేగం సంగతి క్లుప్తంగా చెప్తాను. తక్కువ ధర ట్యాబ్‌లలో టైప్-సి పోర్టు ఉన్నా లోపల ఉండేది యూఎస్‌బీ 2.0నే. కాగితం మీద అది సెకనుకు 480 మెగాబిట్లు, వాస్తవానికి 30, 40 మెగాబైట్లు వస్తే గొప్ప. 12 జీబీ ఫైలు కాపీ కావడానికి ఐదారు నిమిషాలు పైనే పడుతుంది. మధ్యలో పీకకండి, అయిపోయాక ఎజెక్ట్ కొట్టి తీయండి. పెద్ద హార్డ్‌డిస్క్ అయితే ట్యాబ్ ఇచ్చే కరెంటు చాలక టిక్కు టిక్కుమని ఆగిపోవచ్చు. దానికి విడిగా పవర్ ఇచ్చే హబ్ కావాలి.

ఇదంతా చెబితే షాపులో వచ్చే మొదటి మాట: "ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్ ఏంటి సార్, క్లౌడ్‌లో పెట్టుకోండి." ఆ మాట అనే ముందు లెక్క వేయాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్లూ ఫొటోలూ. పెళ్లి పెన్‌డ్రైవ్‌లో 40 జీబీ ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద అది ఎక్కించాలంటే 27 రోజులు, అదీ ఇంట్లో ఇంకెవరూ నెట్ ముట్టుకోకుండా. ఆ తర్వాత నెలనెలా అద్దె కట్టాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే అదో టెన్షన్. పెన్‌డ్రైవ్‌కు అద్దె లేదు, పాస్‌వర్డ్ లేదు. పొలం కాగితాల స్కాన్లు, ఆస్పత్రి రిపోర్టులు వేరేవాళ్ల కంప్యూటర్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. వాళ్లు వెనకబడినవాళ్లు కాదు. వాళ్ల సొత్తు వాళ్ల చేతిలో ఉండాలనుకుంటున్నారు, అంతే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలను ముందే మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చింది. నెట్ లేని ఇంట్లో కూడా పాఠం నడవాలి కాబట్టి. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వారిది. ఫైలు చేతికివ్వడం ఇప్పటికీ అవసరమే అనడానికి మాత్రం ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనపడలేదు.

కంపెనీలు పట్టించుకుంటే మార్పు వస్తుందని ఐప్యాడ్ చూస్తే తెలుస్తుంది. 2010లో వచ్చిన ఐప్యాడ్‌కు పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు నేరుగా తెరవడం 2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13 వచ్చేదాకా చేతకాలేదు. తొమ్మిదేళ్లు జనం అడుగుతూనే ఉన్నారు, చివరికి ఇచ్చారు. ఇప్పుడు ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 డిసెంబర్ 28 నుంచి అమ్మే కొత్త ట్యాబ్‌లకు టైప్-సి తప్పనిసరి. ఆ చట్టం చార్జింగ్ కోసం. రంధ్రం అందరికీ ఒకటే అయింది, అందులో పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకుంటుందో లేదో మాత్రం అట్ట పెట్టె మీద రాయడం లేదు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెద్దక్షరాల్లో వేస్తారు. ట్యాబ్‌తో ఫొటోలు తీసేవాళ్లు ఎంతమంది? ఓటీజీ ఉందా, ఏ ఫార్మాట్లు చదువుతుంది, పోర్టు 2.0నా 3.0నా, ఈ మూడూ రాయడానికి ఒక్క లైను చాలు.

ఇక ఆ స్క్రీన్ సంగతి. అది ఇలా ఉండాలని నా డిమాండ్: "ఈ పెన్‌డ్రైవ్‌ను ఈ ట్యాబ్ చదవలేదు. మీ ఫైళ్లు అలాగే ఉన్నాయి. కంప్యూటర్‌లో గానీ టీవీలో గానీ చూడండి." తెలుగు వాళ్లకు తెలుగులో. అక్కడ ఒకే బటన్ ఉండాలి, సరే అని. ఫార్మాట్ నిజంగా కావాల్సినవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేసుకుంటారు, వాళ్లకు దారి తెలుసు.

మీ ఇంట్లో ఉన్న ట్యాబ్ మోడల్ ఏది, దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ తెరుచుకుందా, ఎక్స్‌ఫ్యాట్ తెరుచుకుందా, ఓటీజీ స్విచ్ ఎక్కడుందో కామెంట్లలో రాయండి. పెట్టె మీద రాయని సమాచారం ఇక్కడైనా ఒకచోట చేరుతుంది. కొత్తగా కొనేవాళ్లు అడిగితే ఈ లింక్ ఇస్తాను.